భాయ్ ఆగమ ప్రకరణం: ఒక తిరస్కార పత్రానికి టీకా తాత్పర్యం

మూలము:

సభ్యుని నామధేయము ఆధారునందలి నామధేయముతో సరిపోలనందున దరఖాస్తు తిరస్కరింపబడినది. యజమాని ద్వారా సవరింపించుకొనునది.

అవతారిక: సూరత్‌లో, పర్వత్ పాటియాలో ఉంటున్న మా మేనమామ పింఛను కోసం పెట్టుకున్న దరఖాస్తుకు జవాబుగా ఈ శ్లోకం ఆయన ఫోన్‌లో అవతరించింది. అసలు వచ్చింది ఇంగ్లీషులో, అదీ సగం పదాలు మింగేసి. టీక రాయాలంటే మూలానికి కాస్త గౌరవం ఉండాలని గ్రాంథికం తొడిగాను. పంపిన కార్యాలయం పేరు చెప్పను. మేఘసందేశంలో యక్షుడి పేరు కాళిదాసే చెప్పలేదు, నేనెంత?

కాళిదాసుకు టీక రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ వైపు కొల్చారం వాడంటారు. మా సిరిసిల్లకు అదేమంత దూరం కాదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసమే ఉండదు.

ప్రతిపదార్థము: తిరస్కరింపబడినది = స్పష్టం. సరిపోలనందున = స్పష్టం. ఎవరికి స్పష్టమని అడగరాదు. నామధేయము = ఇక్కడ కొంచెం కూర్చోవాలి.

తెలంగాణలో ఇంటిపేరు ముందు నడుస్తుంది, మనిషి వెనక. గుజరాత్‌లో మనిషి, ఆ వెనక తండ్రి, చివర ఇంటిపేరు. పైగా అక్కడ మర్యాద ఎక్కువ. మల్లయ్య మల్లయ్యభాయ్ అవుతాడు, లక్ష్మి లక్ష్మీబెన్ అవుతుంది, అది రేషన్ కార్డు దాకా ఎక్కుతుంది. వ్యాకరణంలో దీనికి చక్కని శాస్త్రం ఉంది. ఉన్నదానికి హాని చేయకుండా మిత్రుడిలా వచ్చి పక్కన చేరేది ఆగమం. శత్రువులా వచ్చి ఉన్నదాన్ని లేపేసి దాని చోట కూర్చునేది ఆదేశం. ఉన్నదే కనపడకుండా పోతే లోపం. 2003లో కారఖానా గుమస్తా మెహతాజీ మామ పేరు రిజిస్టరులో ఎక్కించినప్పుడు ఒక్క కలంపోటుతో మూడూ చేశాడు. చివర భాయ్ ఆగమం. ఇంటిపేరు చోట తండ్రి పేరు ఆదేశం. తండ్రి పేరు గడిలో మాత్రం లోపం. చిన్నయసూరి బతికుంటే ఈ మెహతాజీకి ఒక పరిచ్ఛేదం ఇచ్చేవాడు.

ఆ భాయ్ ఏళ్ల తరబడి ఎవరికీ అడ్డం రాలేదు. 2014లో పీఎఫ్ సభ్యులకు యూఏఎన్ అనే నంబరు వచ్చి, దానికి ఆధార్ ముడిపడ్డాక మిత్రుడు కాస్తా శత్రువైపోయాడు. "నా పేరు నాదే గదా అల్లుడా, వాళ్లకేం కావాల్నట?" అని మామ అడిగాడు. టీకాకారులు ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పరు. తర్వాతి పదానికి వెళ్తారు.

యజమాని ద్వారా = 1 అక్టోబర్ 2017 తర్వాత పుట్టిన యూఏఎన్ అయితే, ఆధార్‌తో సరిచూసుకుని మనిషి తన పేరు తానే దిద్దుకోవచ్చు. అంతకు ముందు పుట్టిన నంబరుకు సేఠ్ చెయ్యి పడాలి. మామ నంబరు పాతది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచిన షెడ్డు 2018లో మూతపడింది, ఇప్పుడది చీరల గోడౌన్. పెద్ద సేఠ్ పోయాడు. ఆయన కొడుకు మంచివాడే, ఫోనెత్తడంతే.

విశేషము: ఈ సందర్భంలో మేఘసందేశం గుర్తుకు రావడం సహజం. (సహజం కాదనేవారు ఈ పేరా దాటేయవచ్చు.) యక్షుడు కుబేరుడి కొలువులో ఉద్యోగి, కుబేరుడేమో సేఠ్‌లకే సేఠ్. డ్యూటీలో ఏమరుపాటుకు ఏడాది పాటు ఊరొదిలి పొమ్మన్నాడు. ఆ ఏడాది సర్వీసులో కలుస్తుందా? మన లెక్కలో జీతం లేని రోజులు చందా లేని రోజులు. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. మల్లినాథుడు అలంకారాలన్నీ చెప్పాడు గానీ ఈ సంగతి ముట్టుకోలేదు. ఎనిమిది నెలల విరహానికి యక్షుడు చిక్కిపోయి ముంజేతి కడియం జారిపోయిందట. అంత చిక్కినవాడు బ్యాంకుకు పోయి, బతికే ఉన్నానని చెప్పే జీవన్ ప్రమాణ్ యంత్రం మీద వేలు పెడితే పడుతుందా? నూలు పోగులు అతికీ అతికీ మామ వేలిముద్రలే పడవు. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలంటున్నారు, మేలు. ఇక మబ్బు తెచ్చింది అసలైన సందేశమే అని భార్య నమ్మాలి గదా. అందుకు యక్షుడు ఇద్దరికే తెలిసిన ముచ్చట ఒకటి పంపుతాడు: ఒక రాత్రి నువ్వు ఏడుస్తూ లేచావు, ఎందుకంటే కలలో నేను ఇంకొకతెతో ఉన్నానన్నావు అని. దీన్నే ఈనాడు కేవైసీ అంటారు. పేరు అడగలేదు, తండ్రి పేరు అడగలేదు. కవి ఆ యక్షుడికి పేరే పెట్టలేదు కాబట్టి సరిపోలకపోవడం అనే దోషమే లేదు. సంస్కృత కవుల ముందుచూపు మీద రావలసినంత పరిశోధన రాలేదు.

పర్వత్ పాటియాకు కూడా మబ్బు వస్తుంది. సందేశం తేదు, అక్కడి వాగు ఖాడీని పొంగిస్తుంది. పేరులో తప్ప అక్కడెక్కడా పర్వతం లేదు, ఎక్కి నిలబడదామంటే. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలి తాపీ నది సూరత్‌ను ముంచిన రోజున, జీతాల రిజిస్టర్లను గ్రే బట్ట తానులో చుట్టి నిచ్చెన మీదుగా పై అంతస్తుకు చేర్చింది మామే. సేఠ్ కుటుంబం ఆయన్ని మెచ్చుకుంది, మిఠాయి డబ్బా ఇచ్చింది. భాయ్ అని రాసి ఉన్నది ఆ రిజిస్టర్లలోనే. మునగనిచ్చి ఉంటే ఇవాళ సాక్ష్యమే ఉండేది కాదు.

ఇంతకూ దేనికోసం ఈ పారాయణం? టీకాకారుడు డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదు, అయినా ఎత్తుతాను. పింఛను లెక్క: జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. కాగితం మీద మామ జీతం 6,500, సర్వీసు 15 ఏళ్లు. నెలకు 1,392 రూపాయల చిల్లర. 2014 సెప్టెంబర్ నుంచి కనీస పింఛను 1,000, అప్పటి నుంచి అది అక్కడే కూర్చుంది. మామ ఊరు వదలకుండా మగ్గం మీదే ఉండి ఉంటే తెలంగాణలో ఆసరా కింద చేనేత కార్మికుడికి వచ్చేది 2,016. ఊరొదిలి, రోజుకు 12 గంటల పాళీ చేసి, నెలనెలా చందా కట్టించుకుని, దానికంటే తక్కువ సంపాదించాడు. ఇదీ పీఎఫ్ ఉన్న అదృష్టవంతుడి కథ. ఇరవై మంది ఉంటేనే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. ఒకే షెడ్డును కాగితాల మీద నాలుగు ముక్కలు చేసి ముక్కకు పద్దెనిమిది మందిని చూపించే విద్య ఏ వ్యాకరణంలోనూ లేదు. అక్కడి మనుషులకు తిరస్కార పత్రం కూడా రాదు.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో మామకు పెట్టుబడి పాఠాలు చెబుతుంటాడు. అమెరికాతో మనకు సామాజిక భద్రత ఒప్పందం లేదు. వాడు అక్కడ జీతంలోంచి 6.2 శాతం కడుతున్నాడు, పదేళ్లు నిండకముందే వీసా అయిపోతే అక్కడి పింఛను రాదు. ఆ పాఠం వాడు చెప్పడు.

న్యాయంగా ఒక మాట. 2025 జనవరి నుంచి ఏ బ్యాంకు ఏ శాఖలోనైనా పీఎఫ్ పింఛను తీసుకోవచ్చు; మామ సిరిసిల్ల వెళ్లిపోయినా కాగితాలు ఆఫీసు నుంచి ఆఫీసుకు మారనక్కర్లేదు. తలుపులన్నీ తెరిచారు. లోపల పింఛనొక్కటే లేదు.

పాఠాంతరము: సేఠ్ కొడుకు ఎట్టకేలకు సంతకం పెట్టాడు, భాయ్ లోపించింది. మళ్లీ దరఖాస్తు పెట్టాం. రెండో ప్రతిలో మూలం ఇలా ఉంది: "సభ్యుని నిష్క్రమణ తేదీ నమోదు కానందున తిరస్కరింపబడినది." అంటే రికార్డు ప్రకారం మామ ఉద్యోగం మానలేదు. చీరల గోడౌన్‌లో, బేళ్ల మధ్య ఎక్కడో, ఇంకా సాంచె నడుపుతున్నాడు. ఆ తేదీ సభ్యుడే ఎక్కించుకునే వీలుందట. "ఎక్కిద్దాం గని అల్లుడా, 2018 నుంచి జీతం ఎవలిస్తరో అది గూడ అడుగు" అన్నాడు మామ. అడుగుతూ గ్రీవెన్స్ పెట్టాను. ఇంగ్లీషులోనే, సగం పదాలు మింగి.