పికప్ ఇంజన్ ఆయిల్: వినకూడని సలహాలు

బొలెరో పికప్ కావచ్చు, దోస్త్ కావచ్చు, యోధ కావచ్చు. బండి రోడ్డెక్కిన వారానికే ఓనరుకు ఆయిల్ సలహాలు మొదలవుతాయి. లోడు దింపే చోట ఒకరు, షెడ్డులో ఒకరు, స్పేర్ పార్టుల కొట్లో ఇంకొకరు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ కిస్తీలు కట్టుకుంటూ బండి నడుపుకునే మనిషికి ఇంజన్ పోతే ఇల్లు గడవదు. అందుకే తరచూ వినిపించే పెడ సలహాలను ఇక్కడ పెట్టి, ఎందుకు పాటించకూడదో చెబుతున్నాను.

"మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదన్నా, 20డబ్ల్యూ-50 పోయించు."

అన్నిటికన్నా లోతుగా నాటుకుపోయిన మాట ఇది. రామగుండంలో 46 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, నిజమే. అయితే వేడెక్కిన ఇంజన్లో ఆయిల్ 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కితే ఇంకా పైకి పోతుంది. బయట పది డిగ్రీలు అటూ ఇటూ అయినా థర్మోస్టాట్, రేడియేటర్ చాలావరకు సర్దేస్తాయి. గ్రేడులో రెండో అంకెను నిర్ణయించేది కూడా ముఖ్యంగా 100 డిగ్రీల దగ్గరి చిక్కదనమే. ఎస్ఏఈ జే300 ప్రమాణంలో 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 16.3 లోపు, 50 అంటే 21.9 లోపు. 30 పోయమన్న ఇంజన్లో 50 పోస్తే చిక్కదనం రెట్టింపుకు దగ్గర పడొచ్చు. క్రాంకుకూ బేరింగుకూ మధ్య సందు, ఆయిల్ పంపు సైజు, టర్బోకు వెళ్లే సన్నటి గొట్టం, ఇవన్నీ ఫలానా గ్రేడు పోస్తారన్న లెక్కతోనే చేశారు. ఎండాకాలానికి వేరే గ్రేడు కావాలంటే ఆ మాట మాన్యువల్లోని ఉష్ణోగ్రతల పట్టికే చెబుతుంది.

"ప్రెజరు పెరిగింది చూడు, ఇంజన్‌కి బలం వచ్చింది."

గేజు పెట్టించుకున్నవాళ్లను ఈ మాట మోసం చేస్తుంది. గేజులో ముల్లు చూపేది ఆయిల్ సందుల్లోంచి పోవడానికి ఎంత ఇబ్బంది పడుతోందో. బేరింగును కాపాడేది మాత్రం ఆగకుండా అందే ఆయిల్ పొర. ప్రెజరు హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి పంపేస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్లో చిక్కటి ఆయిల్ ఫిల్టర్లోంచి దూరలేకపోతే బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు వడపోత లేని ఆయిలే బేరింగుల్లోకి పోతుంది.

"పొగ కొడుతోందా, ఆయిల్ తాగుతోందా? ఒక గ్రేడు చిక్కగా పోసెయ్."

కొన్నాళ్లు పొగ తగ్గినట్టు, చప్పుడు అణిగినట్టు అనిపిస్తుంది. అరిగిన రింగులు, చెడిన వాల్వు సీళ్లు, కారే టర్బో సీలు మాత్రం అలాగే ఉంటాయి. ముందు కంప్రెషన్ చూపించండి. మాన్యువల్ రెండు గ్రేడులకు అనుమతిస్తే పాతబడ్డ ఇంజన్‌కు వాటిలో చిక్కటిది ఎంచుకోవడం తప్పు కాదు, దాన్ని రిపేరు అనుకోవడమే తప్పు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చప్పుడు దాచడానికి చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లున్నారు. రాత్రంతా నిలిచిన ఇంజన్‌ను మీ ఎదుటే స్టార్ట్ చేయించి వినండి.

"డబ్ల్యూ ముందున్న అంకెతో మనకేం పని? ఇక్కడ మంచు పడదుగా."

ఇందులో సగం నిజం ఉంది. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 15డబ్ల్యూకి స్టార్టింగ్ పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర. లంబసింగిలోనూ అంత చలి ఉండదు. మాన్యువల్ 15డబ్ల్యూ-40కి ఒప్పుకుంటే చలికి భయపడి 5డబ్ల్యూ-40కి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. కానీ మాన్యువల్ 5డబ్ల్యూ అని మాత్రమే రాస్తే దాటవద్దు. మామూలు ఉదయాల్లోనూ అది టర్బోకు త్వరగా అందుతుంది.

"గ్రేడు కలిస్తే చాలు, డబ్బా మీది మిగతా అక్షరాలు కంపెనీవాళ్ల గొడవ."

దీని వల్లే ఇవాళ ఎక్కువ డబ్బు పోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక డీజిల్ బళ్లకు పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి వడపోత వచ్చింది. మసిని అది కాల్చుకోగలదు. ఆయిల్‌లోని లోహపు మందుల నుంచి మిగిలే బూడిదను కాల్చుకోలేదు, అది పేరుకుపోతుంది. 15డబ్ల్యూ-40 డబ్బాలు రెండు పక్కపక్కనే ఉన్నా ఒకదాని మీద సీఐ-4, ఇంకోదాని మీద సీకే-4 అనే నాణ్యత తరగతి ఉండొచ్చు. చిక్కదనం ఒకటే. సీకే-4లో బూడిద 1 శాతం దాటకూడదు, సీఐ-4కి ఆ హద్దే లేదు. డీపీఎఫ్ ఉన్న బండిలో డ్రమ్ములోంచి కొలిచే విడి ఆయిల్ అసలు పోయించవద్దు.

"వేళ్ల మధ్య రుద్ది చూడు, పల్చబడింది, చిక్కటిది వెయ్."

వేళ్లతో చిక్కదనం తేలదు. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ త్వరలోనే నల్లబడుతుంది, మసిని పట్టి ఉంచడం దాని పని. నిజంగా పట్టించుకోవాల్సింది డిప్‌స్టిక్ మీద మట్టం పెరగడం, డీజిల్ వాసన రావడం. ఊళ్లోనే చిన్న ట్రిప్పులు తిరిగే బండికి రీజనరేషన్, అంటే డీపీఎఫ్ మసిని కాల్చుకోవడం, మధ్యలో ఆగిపోతే డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. దానికి మందు ఆయిల్ మార్పించి, రీజనరేషన్ పూర్తయ్యేలా నడపడమే.

"అమెరికాలో జనరల్ మోటార్సే చిక్కటి ఆయిల్‌కు మారింది."

మారింది. 2025 ఏప్రిల్‌లో 6.2 లీటర్ల వీ8 ఇంజన్ ఉన్న 2021-24 మోడళ్లను రీకాల్ చేసింది. సిల్వరాడో, సియెర్రా పికప్పులూ అందులో ఉన్నాయి. తనిఖీలో నెగ్గిన ఇంజన్లకు 0డబ్ల్యూ-20 బదులు 0డబ్ల్యూ-40 పోయించింది. లోపం క్రాంకు షాఫ్టు, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉంది. చెడినవాటికి ఇంజనే మార్చింది. ఆ ఒక్క ఇంజన్‌కు దాన్ని తయారుచేసినవాళ్లు ఇచ్చిన మార్పు అది. మన బండికి వర్తించదు.

మాన్యువల్ పోయిందా? సర్వీస్ సెంటర్లో మోడల్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. తయారైన నెల, బీఎస్-4 ఇంజనా బీఎస్-6 ఇంజనా కూడా చెప్పి, గ్రేడు, స్పెసిఫికేషన్, ఎన్ని లీటర్లు అనే మూడూ కాగితం మీద రాయించుకోండి. ఒకే పేరున్న రెండు పికప్పులకు ఆ మూడూ వేరుగా ఉండొచ్చు.