ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర వైకుంఠపాళి

మా మేనల్లుడు తన స్విఫ్ట్ చెవిలో మంత్రం ఊదించాడు. దక్షిణ 18 వేలు. గురువుగారి పీఠం రాణీగంజ్‌లో, బేరింగుల కొట్లకీ మోటారు పంపుల కొట్లకీ మధ్య ఒక సందులో. పేరు మనకెందుకు, ఆ సందులో కాకపోతే ఇంకో సందులో ఇంకొకరు ఇదే మంత్రం ఊదుతారు. దాని పేరు రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలు మార్చడం. ఫలశ్రుతి: పికప్ పెరుగును, మైలేజీ పెరుగును, ఏసీ వేసినా బండి గుంజును, ఇంజన్ చల్లగా నుండును. వ్రతకథల్లో కూడా ఒక్క పూజకి ఇన్ని ఫలాలు రాయడానికి మొహమాటపడతారు.

"కంపెనీవోడు పవర్ దాచిపెడ్తడు మామా. లాక్ తీస్తే అయిపాయె" అన్నాడు వాడు.

నాకు తెలిసిన కంపెనీవాడు ఏదీ దాచిపెట్టే రకం కాదు. కాళ్ళ కింద పరిచే మ్యాటుకి వేరే బిల్లు. రంగు కాస్త మెరిస్తే వేరే బిల్లు. అలాంటివాడు 83 గుర్రాలని కాగితం మీద రాసి, ఇంకో డజను గుర్రాలని బానెట్ కింద ఊరికే కట్టేసి, వాటి సంగతి మర్చిపోయాడట. ఆ గుర్రాలు సకిలిస్తుంటే రాణీగంజ్ సందులోకి వినబడిందట.

చూద్దామని నేనూ వెళ్ళాను. స్టీరింగ్ కింద సాకెట్‌లో వైరు గుచ్చి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, ల్యాప్‌టాప్ తెరిచారు. తెర మీద అడ్డం 16, నిలువు 16, మొత్తం 256 గళ్ళు. ఒక మూల పచ్చగా మొదలై, పసుపై, నారింజై, ఎదుటి మూలకి చేరేసరికి ఎర్రబడుతున్నాయి. ఒక అంచున ఇంజన్ తిరిగే వేగం, ఇంకో అంచున ఇంజన్ మీద పడే లోడు. గడికో అంకె: 48, 61, 73, 82. అచ్చం వైకుంఠపాళి పటం. పాములు మాత్రం కనబడవు, ఆట మొదలయ్యాక తగులుతాయి.

ఆ అంకెల్లో మాయ ఏమీ లేదు. 1197 సీసీ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి నిండా ఊపిరి తీసుకోవాలి. అంటే 3000 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 1800 లీటర్ల గాలి. మన రోజువారీ బండి ఇంజన్ అంత నిండుగా పీల్చదు. ఎంత శాతం పీల్చిందన్నదే ఆ గడిలో అంకె. గాలి ఎంతో తెలిస్తే పెట్రోలు ఎంతో తేలుతుంది: తూకంలో 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు. ఇథనాల్ కలిసేకొద్దీ ఆ లెక్క కిందికి దిగుతుంది. 20 శాతం కలిపిన పెట్రోలుకి 13.5 చుట్టుపక్కల. బండిలో ఏ పెట్రోలు ఉందని గురువుగారు అడుగుతారేమో అనుకున్నాను. చాయ్‌లో చక్కెర ఎంత అని అడిగారు.

తర్వాత ఎర్రటి మూలలో ఓ ముప్పై గళ్ళని మౌస్‌తో చుట్టబెట్టి, 5 శాతం పెంచమని కొట్టి, ఎంటర్ నొక్కారు. దాని పక్కన ఇంకో రెండు పట్టికలు తెరిచి వాటికీ అదే వైద్యం. గడియారం చూశాను. 40 సెకన్లు. సెకనుకి 450 రూపాయలు. మిగిలిన రెండు గంటలూ ఫైలు 'ఎక్కడానికీ', మేము చాయ్ తాగడానికీ.

ఈ విద్య అబద్ధమని నేననడం లేదు. చేతనైనవాళ్ళు బండిని రోలర్ల మీద ఎక్కించి, సైలెన్సర్ గొట్టంలో వేరే సెన్సర్ పెట్టి, ఒక్కో గడి దగ్గర ఇంజన్‌ని నిలబెట్టి, కొలిచి, దిద్ది, మళ్ళీ కొలుస్తారు. నాకింగ్ వస్తుందేమోనని చెవి ఒగ్గి, నిప్పురవ్వ పడే వేళని ఒక్కో డిగ్రీ జరుపుతారు. రోజుల తరబడి పని. టర్బో బండ్ల మాట మరీ వేరు. అక్కడ గాలినే ఎక్కువ కుక్కవచ్చు, పవర్ నిజంగానే పెరుగుతుంది, తర్వాత క్లచ్ ప్లేట్ల ఖర్చు కూడా అంతే నిజంగా పెరుగుతుంది. కానీ మా సందులో రోలర్లు లేవు, స్విఫ్ట్‌కి టర్బో లేదు. ఉన్నదల్లా కర్బలా మైదాన్ నుంచి ట్యాంక్‌బండ్ మొదటి విగ్రహం దాకా రోడ్డూ, పక్క సీట్లో కూర్చున్నవాడి నడుమూ. నడుము సీటుకి అతుక్కుంటే పాస్.

అతుక్కుంది, అబద్ధమాడను. కాకపోతే నేను వాడి పాదం చూస్తున్నాను. ఈ కాలం బండ్లలో పెడల్‌కీ థ్రాటిల్‌కీ మధ్య తీగ ఉండదు, కంప్యూటరే మధ్యవర్తి. కాలు పావు వంతు నొక్కితే తలుపు సగం తెరువు అని ఆ పక్క పట్టికలో రాసేశారు. నల్లా ఒక చుట్టు తిప్పితే వచ్చే నీళ్ళు ఇప్పుడు అర చుట్టుకే వస్తున్నాయి. పైన ట్యాంకు అదే, పైపు అదే. "చూస్తివా మామా!" అని వాడు. చూశానురా.

ఆ తర్వాత నేనొక పాపపు పని చేశాను. 500 రూపాయలు పెట్టి ఓ బ్లూటూత్ డబ్బా కొని, అదే సాకెట్‌లో గుచ్చి, మారేడ్‌పల్లి నుంచి ప్యాట్నీ, ప్యారడైజ్, బేగంపేట మీదుగా అమీర్‌పేట దాకా బండి ఏ గడిలో ఉందో ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. 52 నిమిషాల ప్రయాణం. 256 గళ్ళలో బండి తొక్కినవి పదకొండు. దాదాపు అన్నీ పచ్చ మూలలోనే. అన్నిటికన్నా ఎక్కువసేపు ఉన్నది 750 ఆర్పీఎం, సున్నా కిలోమీటర్ల గడిలో. దానికి నేను ప్యారడైజ్ అని పేరు పెట్టుకున్నాను. వైకుంఠపాళిలో ఆఖరి గడికి పెట్టే పేరు, మా ఊళ్ళో మొదటి గడికే దక్కింది. ఎర్ర మూల దరిదాపులకి ఒకే ఒక్కసారి, బేగంపేట ఫ్లైఓవర్ మీద, ముందు ఆర్టీసీ బస్సు కనబడేదాకా.

ఆ పదకొండు గళ్ళలోనూ రాజ్యం గురువుగారిది కాదు, పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్‌ది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ చిన్న ముక్క మహా పిసినారి. అక్కడెవరైనా 5 శాతం ఎక్కువ పోయించారా, పొగ వాసన చూసి కంప్యూటర్‌కి చాడీ చెబుతుంది, అది ఆ 5 శాతాన్నీ కోసేస్తుంది. వారం తిరిగేసరికి ఆ కోతని గుర్తు కూడా పెట్టుకుంటుంది. అంటే రాసినవి తిరగని గళ్ళు, తిరిగే గళ్ళలో రాసినా చెల్లదు.

"అది ఔటర్ మీద తెలుస్తది మామా." సరే, ఔటర్ రింగ్ రోడ్డుకీ వెళ్ళాం. అక్కడ 120 దాటకూడదు. ఐదో గేరులో 120 అంటే మూడున్నర వేల ఆర్పీఎం చిల్లర. ఎర్ర గళ్ళు ఆరు వేల దగ్గర. ఆ గడిలో కాపురం పెట్టాలంటే ముందు చలాన్ల ఖాతా తెరవాలి.

మైలేజీకి వాడు చూపించే రుజువు డ్యాష్‌బోర్డు మీద అంకె. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో చూసి కంప్యూటర్ కట్టే లెక్క అది. ఆ లెక్క మార్చినవాడినే సాక్షిగా పిలిచినట్టుంది. ట్యాంకు ఫుల్ చేసి, తిరిగి, మళ్ళీ ఫుల్ చేసి లీటర్లు చూడరా అంటే "గంత ఓపిక ఎవలకుంటది" అన్నాడు.

ఇంకో సంగతి. మా ఊరు సముద్ర మట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తు. గాలి ఒత్తిడి ఐదారు శాతం తక్కువ. విశాఖ బీచ్ రోడ్డులో 83 గుర్రాలున్న బండి ఇక్కడికి వచ్చేసరికి నాలుగైదింటిని దారిలో వదిలేస్తుంది. మే నెల ఎండకి ఇంకో నాలుగు నీడకి పోయి పడుకుంటాయి. వాటికి కంపెనీవాడు తాళం వేయలేదు, దక్కన్ పీఠభూమి వేసింది. పైగా ఈ మంత్రాల ఫైళ్ళు చాలావరకు పరదేశాల నుంచి దిగినవి. 98 ఆక్టేన్ పెట్రోలుకీ చలిగాలికీ రాసినవాటిని, 43 డిగ్రీల ఎండలో మా పెట్రోలు మీద నడిపితే ఇంజన్ లోపల గోలీలు గలగలలాడతాయి. నాక్ సెన్సర్ అది విని, నిప్పురవ్వని వెనక్కి లాగి, ఇచ్చిన గుర్రాలకి వడ్డీ కూడా కలిపి పట్టుకుపోతుంది. పటంలో మొదటి పాము ఇదే.

ఈ విద్యలో అందరికన్నా పెద్దన్న ఫోక్స్‌వ్యాగన్. పరీక్ష రోలర్ల మీద ఉన్నంతసేపు ఒక మంత్రం, రోడ్డెక్కగానే ఇంకొకటి. 2015లో అమెరికాలో దొరికిపోయింది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతికి 40 రెట్ల దాకా వదిలిందని తేలింది. మన దేశంలోనే 3 లక్షలకి పైగా బండ్లని వెనక్కి పిలిచింది. వాళ్ళు కనీసం చప్పుడు చేయకుండా చేశారు. మావాళ్ళు పొగగొట్టంలో పెట్రోలు మండేలా పట్టిక రాయించుకుని, కార్ఖానా రోడ్డులో రాత్రి పదకొండుకి టపటపా పేలుస్తారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే మా అమ్మమ్మ దేన్ని చూసి చెప్పేదో ఇన్నాళ్ళకి తెలిసింది.

2000లో మారుతి 800కి ఎంపీఎఫ్ఐ వచ్చినప్పుడు ఇదే రాణీగంజ్‌లో మెకానిక్కులు బానెట్ తెరిచి, చూసి, మూసేసి "కంప్యూటర్ బండి సార్, ముట్టుకోం" అనేవారు. అంతకుముందు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, కార్బరేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, పది రూపాయలు తీసుకుని పంపేవాళ్ళు. ఆ పావు చుట్టుకి బండి మాట నిజంగా మారేది. ఆ ముట్టుకోం అన్న భయం ఎక్కడ పోయిందో గానీ, నాకిప్పుడు దాని మీద బెంగగా ఉంది.

పోయిన నెల స్విఫ్ట్ సర్వీసుకి వచ్చింది. వారంటీ ఇంకా ఉంది, సర్వీసువాళ్ళు చూస్తే కష్టం. అత్తారింటికి వెళ్ళేముందు గడ్డం గీసుకున్నట్టు, ముందురోజు రాణీగంజ్ వెళ్ళి పాత ఫైలు వేయించుకొచ్చాడు. గీయడానికి 3 వేలు. సర్వీసు అయింది, పండగ పనుల్లో పడి మంత్రాన్ని మళ్ళీ ఎక్కించుకోవడం మర్చిపోయాడు. ఆ సంగతి నాకు గుర్తుంది, వాడికి లేదు.

నిన్న ఇద్దరం వెళుతున్నాం. ప్యాట్నీ దాటాక ఒక ఖాళీ దొరికి వాడు కాలు వేశాడు. "చూస్తివా మామా, మ్యాప్ ఇప్పుడు సెట్ అయింది. మొదట్లకన్న జబర్దస్త్ గుంజుతున్నది."

నేనేమీ అనలేదు. ముందు ప్యారడైజ్ సిగ్నల్, ఎర్ర దీపం పక్కన 94 సెకన్లు.