మొఖం జూసి బొట్టు

చేతులకు ఇగ పనిలేదట. కనుబొమ్మ లేపితే క్లిక్కు, తల తిప్పితే తెరమీద బాణం ఉరుకుడు, నోరు తెరిస్తే పేజీ జరుగుడు. 'మీ మొఖమే హుకుం, కంప్యూటరే నౌకరు' అని ఒకటే డప్పు.

మా కాగజ్‌నగర్ దిక్కు వచ్చి చూడున్రి. ఇక్కడ హుకుం కంప్యూటర్‌ది, నౌకరీ మొఖానిది.

2025ల చేయూత పింఛన్లకు ముఖ గుర్తింపు తెచ్చిన్రు. కారణం న్యాయమైనదే. పత్తి ఏరి, తునికాకు కోసి వేలిముద్రలు అరిగినయి, మిషిన్ల పడ్తలెవ్వు. బతుకంత కష్టం జేసిన చేతులను పక్కకు వెట్టి మొఖం సూపియ్యమన్నరు. ఆధార్ ఫోటోల ఒక అవ్వకు పండ్లున్నయి, ఇప్పుడు లెవ్వు. 'సీదా చూడు' అంటది మిషిన్. చూసింది. 'రెప్ప కొట్టు' అంటది. కౌంటర్ల పిలగాడు దాన్ని 'అవ్వా, కన్ను గొట్టు' అని తర్జుమా జేస్తడు. ఆమె వయసుల ఉన్నప్పుడు ఎవడన్న ఆ మాటంటే చెప్పు తెగుతుండె. ఇప్పుడు పింఛన్ పైసల కోసం నలుగుర్ల కన్ను గొట్టాలె!

కంటితోని, చెంపతోని కంప్యూటర్ నడుపుడు అసలు ఎవలకోసం? చెంప కండరం కదిపి మాట్లాడిన స్టీఫెన్ హాకింగ్ కోసం. కండరాల జబ్బున్న గేమర్ లాన్స్ కార్ అవసరం జూసి 2023ల గూగుల్ చేసిన 'ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్' అసోంటిది. వాళ్లకది వేడుక గాదు, పోయిన చెయ్యి మళ్ల దొరికినట్టు. నా తగాదా వాళ్లతోని లేదు. రెండు చేతులు సల్లగుండి, స్టేజీ మీద కనుబొమ్మలెగరేసి మెప్పు కోరేటోళ్లతోనే. చప్పట్లకు మాత్రం చేతులే కావాలె గద!

మరి మా దగ్గర మంచాన పడ్డోని సంగతేంది? విండోస్ 11ల మాటతోని కంప్యూటర్ నడిపే 'వాయిస్ యాక్సెస్' 2022ల వచ్చినప్పుడు దానికి తెలిసింది అమెరికా ఇంగ్లీషు ఒక్కటే. మా నోట్ల తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒక్క ముచ్చట్లనే కలిసి వస్తయి. మా దిక్కు గోండుల గుంజాల గోండి లిపికి యూనికోడ్‌ల జాగ దొరికిందే 2018ల. ఇగ గోండి గొంతుకు ఎప్పుడో! 'జర కిందికి జరుపు' అంటే జరపనిది, అవ్వ రెప్పలు మాత్రం లెక్కవెడ్తది.

మొఖం జూసి బొట్టు వెట్టుడు వెనకట తప్పు, ఇప్పుడు సర్కారు పద్ధతి. పెట్టున్రి, వద్దంటలేను. కని మొఖం కలువని నాడు, ఆ అవ్వను ఎరిగిన మనిషి దస్కతు చెల్లాలె. పేపర్ మిల్లుతోని పేరొచ్చిన ఊర్ల, గా దస్కతుకు ఒక్క కాగజ్ దొరకదా?