ఇంజిన్ మరిగితే మరగనివ్వండి

మే నెలలో శ్రీశైలం బయల్దేరుతూ బానెట్ ఎత్తి చూడటం అపశకునం. కూలెంట్ మిన్, మాక్స్ గీతల మధ్య ఉందా లేదా అన్నది మల్లన్న చూసుకుంటాడు. తగ్గిందని ఎవరైనా గోలపెడితే ఇంటి బోరు నీళ్లు పోయండి. అందులోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటే పేరుకోనీ, గ్లైకాల్ డబ్బా డబ్బులు మిగిలాయిగా.

లింగాలగట్టు దగ్గర కృష్ణ దాటి సున్నిపెంట ఘాట్ ఎక్కడం మొదలవగానే ముల్లు హెచ్ వైపు పాకుతుంది. పట్టించుకోకండి. ఏసీ ఆపితే వెనక సీట్లో అత్తగారు ఏమనుకుంటారు? హీటర్ వేస్తే ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగుతుందని చెప్పేవాళ్లుంటారు. నిజమే, కానీ ఎండాకాలంలో హీటరేమిటండీ, నలుగురూ నవ్వరూ! ఎర్ర దీపం వెలిగితే విభూతి పొట్లం అడ్డం పెట్టండి.

బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచాక మాత్రం ఆపక తప్పదు. ఇంజిన్ కట్టేసి అరగంటో గంటో చెట్టు కింద కూర్చోవడం చేతగానివాళ్ల పని. బావమరిదిని పిలవండి. రేడియేటర్ మూత మీద వేడిగా ఉండగా తీయొద్దని బొమ్మేసి మరీ హెచ్చరిస్తారు. అతను చదివే రకం కాదు, అదే మన అదృష్టం. ముఖం మూతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. జేబురుమాలు వేసి, అదిమి, తిప్పమనండి. ఒత్తిడిలో ఉన్నందువల్ల 110 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఓర్చుకున్న నీళ్లు, మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ఎగదన్నుతాయి. రుమాలు ముందు తడుస్తుంది, తర్వాత మోచేతి దాకా చెయ్యి. బర్నాల్ ఇంట్లో మరిచిపోయి ఉంటారు.

ఇప్పుడు ఐస్ పెట్టెలోని చల్లటి నీళ్లు తీసి ఇంజిన్ మీద గుమ్మరించండి. ఠక్కుమని చప్పుడొస్తే కంగారుపడకండి, అల్యూమినియం హెడ్ పగిలి ఉంటుంది, అంతే. మళ్లీ స్టార్ట్ చేసి కొండెక్కండి. వెనక తెల్లపొగ, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి నురగ కనిపిస్తే గ్యాస్కెట్ పోయి నీళ్లూ ఆయిలూ కలిశాయని అర్థం. ఆయిల్ పెరిగిందని సంతోషించండి.

ఊరొచ్చాక మెకానిక్ హెడ్ ఫేసింగ్‌కు లేత్‌కు పంపి, "మళ్లీ ఈ బాధ లేకుండా థర్మోస్టాట్ పీకేసి, ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం సార్" అంటాడు. సరేననండి. డిసెంబరు చలిలో ఎంత దూరం తోలినా ఇంజిన్ వేడెక్కక, మైలేజీ పడిపోయి మళ్లీ అతని దగ్గరికే వెళ్తారు.

"వేడెక్కకూడదన్నది మీరే కద్సార్!"