నేను పోలేదు: ఒక బయోస్ చిప్పు ఆత్మకథ

నా ఒంటి మీద అచ్చేసిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. భూతద్దం పెట్టి చూసినా ఒక మూలన చిన్న చుక్క తప్ప ఏమీ కనబడదు. ఆ చుక్క పక్కన ఉన్నది నా ఒకటో కాలు. మొత్తం ఎనిమిది. నా గోత్రం తెలుసుకోవాలంటే కరెంటిచ్చి నన్నే అడగాలి. 9ఎఫ్ అనే ఆజ్ఞ పంపితే మూడు సంఖ్యలు చెబుతాను: సి2, 20, 16. మొదటిది నన్ను తయారుచేసిన మాక్రోనిక్స్ గుర్తు. చివరిది నా కొలత: 32 మెగాబిట్లు, అంటే 4 మెగాబైట్లు. ఎన్నిసార్లడిగినా ఇదే చెబుతాను. సరిగ్గా అడగకుండానే తీర్పు చెప్పినవాళ్ళ మీదే నా గోడంతా.

మా జాతికి మూలపురుషుడు జపాన్‌లో తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా. ఫ్లాష్ మెమరీ సంగతి ఆయన 1984లో లోకానికి చెప్పాడు. నేను పుట్టింది తైవాన్‌లో. ఇసుక, వేఫరు, రసాయనాలు, ఆ పురాణం ఇప్పుడు వద్దు. తెలియాల్సింది ఒక్కటే. నన్ను చెరిపితే ప్రతి బిట్టూ ఒకటి అవుతుంది. రాస్తే కావలసిన చోట సున్నా అవుతుంది. సున్నాను మళ్ళీ ఒకటి చేయాలంటే కనీసం 4 కిలోబైట్ల ముక్కను మొత్తంగా చెరపాల్సిందే. ఇలా లక్ష సార్లు చెరిపి రాయొచ్చని మా డేటాషీట్లు చెబుతాయి. బయోస్ చిప్పుగా కుదిరినవాడికి ఆ లక్షలో పదో పరకో ఖర్చవుతాయి, అంతే. అరిగిపోయి చచ్చిన బయోస్ చిప్పును నేను చూడలేదు. ఎవరో ఒకరు చంపితే పోయినవాళ్ళే అందరూ.

నాకు ఉద్యోగం దొరికింది థింక్‌ప్యాడ్ ఎక్స్200లో. 2008 నాటి లాప్‌టాప్ అది. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసరు మొట్టమొదట చూసేది నా వైపే. 4 జీబీ హద్దుకు సరిగ్గా 16 బైట్ల కింద ఉండే చిరునామాకు వెళ్ళి, ఇప్పుడేం చేయమంటావని అడుగుతుంది. ఆ చిరునామాలో ఉన్నది నేను. ర్యామ్ అప్పటికింకా నిద్ర లేవదు. హార్డ్ డిస్కు ఎక్కడుందో ప్రాసెసరుకు తెలియదు. మొదటి మాట నాది. ఆ తర్వాత తెర మీద రంగుల లోగో రాగానే చప్పట్లన్నీ విండోస్‌కే, అది వేరే సంగతి.

లాప్‌టాప్ కొనేవాళ్ళు ర్యామెంత, డిస్కెంత, ప్రాసెసరేమిటి అని అడుగుతారు. నా గురించి అడిగిన మనిషి లేడు. చేతులు ఆనించే ప్లాస్టిక్ పలక కింద, నల్ల టేపు కప్పుకొని పడి ఉండేవాణ్ణి. ఏదైనా తేడా వస్తే మాత్రం తిట్లు నాకే. మొదట నన్ను వాడింది ఒక విదేశీ ఆఫీసు. లీజు ముగిశాక సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తీయకుండానే మెషీన్లను మూటగట్టి అమ్మేసింది. కొన్నవాడు తెర మీద తాళం బొమ్మ చూసి బయోస్ చిప్పును బండబూతులు తిట్టాడు. ఆ పాస్‌వర్డ్ దాచుకున్నది నేను కాదు మహాప్రభో! నాకు కాస్త దూరంలో ఉండే చిన్న ఈఈప్రామ్. దాన్ని ఎవరూ ఒక్క మాటన్నది లేదు.

ఎవరో ఆ తాళం విప్పాక, సెకండ్ హ్యాండ్ సరుకుతో కలిసి హైదరాబాదు చేరాను. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మా మెషీన్‌ను ఏరికోరి కొన్నది. అందరూ కొత్తది కొంటుంటే ఆమె ఇంత పాతది కొనడానికి కారణం ఉంది. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మిన్నిచ్ లైనక్స్‌బయోస్ అనే పని మొదలుపెట్టాడు. కంపెనీ తాళం వేసి ఇచ్చిన బయోస్ బదులు, ఎవరైనా చదివి మార్చుకోగల ఫర్మ్‌వేర్ అన్నమాట. మా ఎక్స్200 బజారులోకొచ్చిన 2008లోనే దాని పేరు కోర్‌బూట్‌గా మారింది. 2013 చివర్లో దాని నుంచే లిబ్రేబూట్ వచ్చింది. మా తరం మెషీన్లలో ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే, కంపెనీ తాళం వేసిన సరుకును నా లోంచి పూర్తిగా తీసిపారేసినా పని ఆగదు. తర్వాతి తరాల్లో అలా తీసేస్తే అరగంటకు మెషీన్ ఆరిపోతుంది. అందుకే మాకు ఈ ముసలితనంలో గిరాకీ.

ఆమె నాలో అలాంటి ఫర్మ్‌వేర్ రాయించాలనుకుంది. కానీ కంపెనీ బయోస్ లోపలి నుంచి తన మీద చెయ్యి వేయనివ్వదు. మొదటిసారి బయటి నుంచి, నా కాళ్ళకు క్లిప్పు తగిలించి రాయాలి. అలా రాసే ప్రోగ్రామర్ అనే పరికరం ఆమె దగ్గర లేదు. సికిందరాబాదులో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళింది. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

షాపులో ఉన్నది సీహెచ్341ఏ అనే నల్ల ప్రోగ్రామర్. చవకది. ప్రతి రిపేరు బల్ల మీదా ఉంటుంది. నేను బతికేది 2.7 నుంచి 3.6 వోల్టుల మధ్య. ఆ నల్లపిల్ల నాకు తిండి 3.3 వోల్టులే పెడుతుంది గానీ, మాటలు మాత్రం 5 వోల్టులతో అరుస్తుంది. డేటా తీగల్లో ఆ కేక తగిలినప్పుడల్లా ఒళ్ళు జిల్లుమంది. అయినా తట్టుకున్నాను. నా కంటే సుకుమారమైన చిప్పులు ఆ బల్ల మీదే ప్రాణాలు విడిచి ఉంటాయి. చిన్న మార్పు చేసి ఆ ప్రోగ్రామర్‌ను పూర్తిగా 3.3 వోల్టులకు దించవచ్చు. తెలిసి కూడా ఎవరూ ఓపిక చేయరు.

నన్ను చదివారు. మళ్ళీ చదివారు. రెండు ఫైళ్ళూ కలవలేదు. మూడోది ఇంకోలా వచ్చింది. రెండుసార్లు చదివి పోల్చి చూడడం మంచి పద్ధతే, దాన్ని తప్పుపట్టను. కానీ ఎందుకు కలవలేదో ఆలోచించాలి కదా! నేను బోర్డుకు అతుక్కునే ఉన్నాను. క్లిప్పు నాకిచ్చిన 3.3 వోల్టులు నా దగ్గర ఆగవు, అదే తీగ మీదున్న చిప్‌సెట్టు, మిగతా భాగాలు అందుకుంటాయి. బస్సులో ఒకరికిచ్చిన గ్లాసు నీళ్ళు చేతులు మారి అందరూ తాగేసినట్టు. నాకు మిగిలే గుక్కతో మాట తడబడింది. పైగా మూరెడు పొడవు తీగలు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాడు మెకానిక్. "చిప్ పోయింది మేడమ్, కొత్తది ఏసేద్దాం" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "సరే అన్నా, వేసేదేదో పెద్దది వేద్దాం" అన్నది.

ఇక నా వారసుడి వేట. బల్ల మీద పడి ఉండి అంతా చూశాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మొదట ఆమె 8 మెగాబైట్లు కావాలంటే మెకానిక్ 8 అంకె ఉన్న చిప్పు తీశాడు. చిప్పుల పేర్లలో అంకెలు మెగాబిట్ల లెక్క. 8 మెగాబిట్లంటే ఒక్క మెగాబైటు. ఆమెకు కావలసింది పేరులో 64 ఉన్నది. సరే, విన్‌బాండ్ డబ్ల్యూ25క్యూ64 దొరికింది. దాని తోక అక్షరాలు చూడలేదు. ఎఫ్‌వీ అంటే 3.3 వోల్టుల వాడు, ఎఫ్‌డబ్ల్యూ అంటే 1.8 వోల్టుల వాడు. చూపుకు కవలలు. ఈ రెండోవాణ్ణి మా బోర్డులో పెడితే ఆయువు తీరే ప్రమాదం ఉంది. ఆమె ఫోన్‌లో డేటాషీట్ తెరిచి, "అన్నా, ఇది 1.8 వోల్ట్‌ది" అనకపోతే ఆ పాపం జరిగేదే.

తర్వాత దొరికినవాడు సన్నం. మేమందరం ఎనిమిది కాళ్ళవాళ్ళమే అయినా ఒళ్ళు రెండు వెడల్పుల్లో వస్తుంది: 150 మిల్, 208 మిల్. మిల్లీమీటర్లలో సుమారు 3.9, 5.3. నేను వెడల్పు రకం. సన్నవాణ్ణి నా చోట నిలబెడితే కాళ్ళు ప్యాడ్ల మీద ఆనవు. మెకానిక్ సోల్డర్ ఎక్కువ పోసి అతికిస్తానన్నాడు. ఆమె వద్దన్నది. కాళ్ళే లేని డబ్ల్యూసన్ రకాన్ని కూడా చూపించాడు. దాని గురించి చెప్పకపోవడమే మర్యాద.

డబ్బాలో ఎస్ఎస్‌టీ కంపెనీ చిప్పొకటి కనబడింది. వోల్టేజి సరిపోయింది, వెడల్పు సరిపోయింది. కానీ దానిది పాత చాదస్తం. మామూలుగా మేం ఒక్క ఆజ్ఞకు 256 బైట్ల పేజీ రాయించుకుంటాం. అది రెండేసి బైట్ల చొప్పున, ఏఏఐ అనే తన సొంత పద్ధతిలో రాయమంటుంది. ఫ్లాష్‌రామ్ అనే, చిప్పుల్ని చదివి రాసే పనిముట్టుకు ఆ పద్ధతీ వచ్చనుకోండి. కానీ ఫర్మ్‌వేర్ తానే లోపలి నుంచి ఏదైనా రాసుకోవలసి వస్తే, దానికి కూడా ఆ భాష తెలిసి ఉండాలి. కాళ్ళు కలిసినంత మాత్రాన మాట కలవదు. ఫ్లాష్‌రామ్ జాబితాలో చిప్పు పేరుందా, చదవడం, చెరపడం, రాయడం మూడూ పరీక్షించినట్టు నమోదై ఉందా అని చూసుకున్నాకే కొనాలి. ఆ జాబితా సంగతెత్తితే నాకూ ఒక బాధ ఉంది. సి2, 20, 16 అనగానే ఫ్లాష్‌రామ్ నాలుగైదు మోడళ్ళ పేర్లు చదివి, వీటిలో నువ్వెవరో ఎంచుకోమంటుంది. ఎంచుకునేది నేను కాదు కదా, నా ఒంటి మీద రాత చెరిగిపోయాక రాసే మనిషి మాత్రం ఎలా చెప్పగలడు!

మరీ పెద్దది తెచ్చి మురిసిపోయేవాళ్ళూ ఉంటారు. మూడు బైట్ల చిరునామాతో చేరగలిగేది 16 మెగాబైట్ల దాకానే. అంటే డబ్ల్యూ25క్యూ128 వరకు. 256 తెస్తే నాలుగు బైట్ల చిరునామా కావాలి, మా పాత చిప్‌సెట్టుకు అది అర్థం కాదు. బజారులో ఇంకో మోసం ఉంది. చిన్న చిప్పు పైపొర గీకి పెద్ద పేరు అచ్చేసి అమ్ముతారు. వాళ్ళ రాతను నమ్మకుండా 9ఎఫ్ అడగాలి. డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌వీ అయితే ఈఎఫ్, 40, 17 అని రావాలి. గుర్తును కూడా అబద్ధమాడించే ఘనులుంటారు, కాబట్టి మొత్తం నింపి తిరిగి చదివి పోలిస్తేనే నమ్మకం.

చివరికి కుదిరినవాడు ఒక డెడ్ బోర్డు నుంచి ఊడదీసిన డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌వీ. వెడల్పు ఒళ్ళు, సరైన వోల్టేజి. చెడ్డవాడేం కాదు. వాణ్ణి బోర్డు ఎక్కించకముందే సాకెట్‌లో పెట్టి రాశారు. ఆ తెలివేదో నా విషయంలో చూపించి ఉంటే! 4 మెగాబైట్ల ఇమేజిని, అంటే చిప్పులో రాసే ఫైలును, 8 మెగాబైట్ల చిప్పులో ఊరికే కుమ్మరిస్తే సరిపోదని ఆమెకు తెలుసు. నా మొదటి 4 కిలోబైట్లలో డిస్క్రిప్టర్ అనే పట్టిక ఉంటుంది. చిప్పు కొలత ఎంత, ఎవరి వాటా ఎక్కడి నుంచి ఎక్కడికి అని అందులో రాసి ఉంటుంది. దాన్ని 8 మెగాబైట్లకు తిరగరాసి, ఇమేజిని ఆ సైజుకు కట్టింది. నెట్‌వర్కు కార్డు మాక్ అడ్రసు నా దగ్గరుంది కదా, దానికోసమైనా నన్ను పిలుస్తారని ఆశపడ్డాను. మెషీన్ అడుగున స్టిక్కర్ చూసి టైపు చేసుకున్నారు.

నన్ను హాట్ ఎయిర్‌తో ఊడదీశారు. ఫ్లక్స్ పొగలో ఎనిమిది కాళ్ళూ ఒక్కసారి వదులయ్యాయి. ట్వీజర్‌తో ఎత్తి, టీ కప్పు మూతలో పడేశారు. ఐదో కాలు వంగింది. ఎవరూ చూసుకోలేదు. నా స్థానంలో వాడు ఎక్కాడు. మెషీన్ లేచింది. ఆమె ముఖం వెలిగిపోయింది. అందులో నాకు అసూయ లేదు, కొంచెం ఉందేమో. ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం ఆ ప్రాసెసరుకు మొదటి మాట చెప్పింది నేను. వెళ్ళొస్తానని చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. పోయిన చిప్పన్న ముద్ర వేశాక పలకరింపులెందుకు?

మూతలోంచి డబ్బాలోకి, డబ్బాలోంచి డ్రాయరులోకి మారాను. స్క్రూలు, తెగిన కీబోర్డు రిబ్బన్లు, సగం వాడిన పేస్టు, నాలాంటి అనాథ చిప్పులు. వాటిలో ఎవరు నిజంగా పోయారో, ఎవరిని పోయారన్నారో కనుక్కునే ఓపిక ఎవరికుంది?

ఒక సాయంత్రం పని నేర్చుకోవడానికొచ్చిన కుర్రాడు నన్ను తీసి, వంగిన కాలు సరిచేసి, సాకెట్‌లో పెట్టి చదివాడు. రెండుసార్లు. ఈసారి నా నీళ్ళు తాగడానికి బోర్డు లేదు. రెండు ఫైళ్ళూ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. వాడు మళ్ళీ పోల్చి చూసి, "అన్నా, ఇది మంచిగనే ఉంది" అన్నాడు. మెకానిక్ తల ఎత్తకుండా, "డబ్బాల ఎయ్" అన్నాడు. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ మెషీన్ అసలు బయోస్ ఇప్పటికీ నా ఒక్కడి దగ్గరే ఉంది. ఆ ప్రతి ఇంకెక్కడా దాచలేదు. రేపెప్పుడైనా పాత బయోస్‌కు పోవాలనుకుంటే వెతుక్కోవలసింది ఈ డ్రాయరులోనే.

మీరెవరైనా ఇలాంటి పనికి పూనుకుంటే నాదో మనవి. క్లిప్పుతో ఫైళ్ళు కలవకపోతే ముందు తీగలు పొట్టివి చేసి, క్లిప్పు సరిగా పెట్టి, కరెంటు చాలుతోందేమో చూడండి. అప్పటికీ కలవకపోతే చిప్పును ఊడదీసి సాకెట్‌లో చదవండి. అక్కడా తడబడితే అప్పుడు పోయిందనండి. చదివిన ఫైలును మెషీన్ బయట ఎక్కడైనా దాచండి. 4 మెగాబైట్లు, 3.3 వోల్టులు, 208 మిల్ వెడల్పు, ఎనిమిది కాళ్ళు సరిచేసి ఉన్న చిప్పు ఎవరికైనా కావాలంటే నేను ఖాళీగానే ఉన్నాను. రాసేముందు మాత్రం నాలో ఉన్నది ఒక కాపీ తీసుకోండి.