చెరువు కనబడని లేక్ వ్యూ

మా బుద్వేల్‌లో భూమి ఊసెత్తితే పెద్దవాళ్లకు బీపీ మాత్ర వెతకాల్సి వస్తోంది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ ఇక్కడ వంద ఎకరాలు వేలం వేస్తే ఎకరం 41.75 కోట్ల దాకా పలికింది. అంటే గజం 86 వేల పైమాటే. ఆ లెక్కన మా బామ్మర్ది దగ్గరున్న డబ్బుకు ఇక్కడ మంచం పట్టేంత జాగా వస్తుంది, కాళ్లు మాత్రం ముడుచుకోవాలి. అందుకే వాడి చూపు హిమాయత్‌సాగర్ అవతలికి మళ్లింది.

"లేక్ వ్యూ ఫామ్‌హౌస్ బావా! శని, ఆదివారాలు కిరాయికిస్తే ఈఎంఐ అదే కట్టుకుంటది."

తనంతట తానే కట్టుకునే ఈఎంఐని నేనింతవరకు చూడలేదు.

మొదట చూపించిన ఇల్లు ఒడ్డునే ఉంది. "నీళ్లు కాళ్ల కాడికొస్తయి సార్" అన్నాడు బ్రోకరు గర్వంగా. నా భయమూ అదే. అసలీ సాగరాలు పుట్టిందే వరద వల్ల. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్ నగరాన్ని ముంచాక, విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిని కాపాడడానికి 1996లో జీవో 111 వచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022లో జీవో 69 వచ్చి ఆ కళ్లెం తీస్తున్నామంది. జీవోలు వస్తాయి, పోతాయి. ఎఫ్‌టీఎల్ మాత్రం కదలదు. చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు అది. ఆపైన ఇంకో 30 మీటర్లు బఫర్. పట్టా చేతిలో ఉన్నా సరే, ఆ గీత లోపల ఇల్లు లేపకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ పాఠం జేసీబీలు చెబుతున్నాయి, జనానికి చప్పున అర్థమవుతోంది.

చివరికి వాడు కొన్న ఇల్లు ఎంత దూరమంటే, మిద్దె మీది నీళ్ల ట్యాంకు ఎక్కితే తప్ప సాగరం కనబడదు. వాడు దిగాలు పడ్డాడు గానీ నేను మెచ్చుకున్నాను. చెరువు కనబడని లేక్ వ్యూకు మించిన భద్రమైన ఆస్తి ఈ జిల్లాలో లేదు. "లేక్ ఎక్కడ అంకుల్?" అని అడిగినవాళ్లకు వాచ్‌మన్ నిచ్చెన చూపిస్తాడు.

నిజానికి ఎవరూ ఎక్కరు. వచ్చేవాళ్లకు కావలసింది స్విమ్మింగ్ పూల్. ఎండాకాలం బోరు ఎండిపోతే ఆ పూల్ ట్యాంకర్‌తో నింపాలి. నగరానికి నీళ్లు తాపిన సాగరం అల్లంత దూరంలో ఉండగా, నీళ్ల ట్యాంకర్ రివర్స్ హారన్ కొట్టుకుంటూ గేటులోకి వస్తుంది. నింపిన మర్నాడే ఎవరిదో హల్దీ. పెళ్లికొడుకును పసుపుతో సహా నీళ్లలోకి తోస్తారు. ఆ సాయంత్రం పూల్ నీళ్లలో పప్పు ఉడకబెట్టుకుంటే వేరే పసుపు అక్కర్లేదు.

పదిమందిమని బుక్ చేసుకుని నలభైమంది దిగుతారు. సెప్టిక్ ట్యాంకు మాత్రం పదిమందికే కట్టింది. రాత్రి పది దాటాక డీజే ఆపమంటే "ఇదే లాస్ట్ పాట అంకుల్" అంటారు. ఆ లాస్ట్ పాటకు లాస్టే ఉండదు. మందు పార్టీకి ఎక్సైజ్ పర్మిట్ తీసుకోవాలని చెబితే, సీసాలు చూపించి ఇవి కూల్‌డ్రింకులని ప్రమాణం చేస్తారు. తెల్లారి బిర్యానీ మరకల దుప్పట్లు, కొక్కెం మీద లేని టవళ్లు, రాత్రంతా ఆన్‌లోనే ఉన్న గీజర్. అన్నీ అయ్యాక రెండు స్టార్లు: "లేక్ కొంచెం దగ్గరుంటే బాగుండేది."

బోనాలకు వాచ్‌మన్ ఊరికెళ్తే మా బామ్మర్దే గేటు కాడ నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ ఎవరో చేతిలో యాభై నోటు పెట్టారు. ఖర్చులు పోను ఆ నెల మిగిలింది అదొక్కటే, అందుకని కాదనలేకపోయాడు.

మొన్న వాడి బిడ్డ పుట్టినరోజు. "మన ఫామ్‌హౌస్‌ల చేద్దాం" అంది మా చెల్లె.

"ఆదివారం బుక్ అయింది" అన్నాడు వాడు.

"సోమవారం?"

"పూల్ కడగాలె."

దావత్ మా బుద్వేల్ అపార్ట్‌మెంట్ మిద్దె మీద జరిగింది. పిల్ల కేకు కోస్తుంటే అందరం చప్పట్లు కొడుతున్నాం. వాడు ఒక మూలకెళ్లి, ఒక చెవి మూసుకుని ఫోన్‌లో అరుస్తున్నాడు: "లేక్ వ్యూ వన్ టూ త్రీ సార్... మధ్యల గ్యాప్ లేదు... అన్ని చిన్నక్షరాలే!"