గ్రాఫు దొరా, దండాలు!

గ్రాఫు దొరా, నీ మహిమ పొగడతరమా! సమీక్ష గదిలో తెరమీద నువ్వు వెలిగితే చాలు, లావుపాటి నివేదిక మూలన పడుతుంది, తలలన్నీ ఒక్కసారే ఊగుతాయి. అంకెలకు లేని నోరు నీకుంది. ఆ నోటితో నువ్వు చేసిన ఘనకార్యాలు నాలుగైనా చెప్పుకోకపోతే మాకు పుణ్యముండదు.

ఉన్నదాన్ని పెంచి చూపడంలో నీ అంత ఉదారుడు లేడు. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరానిది 58.89. తేడా నూటికి ముగ్గురు కూడా లేరు. నువ్వు నిలువు గీతను సున్నా దగ్గర కాక 58 దగ్గర మొదలుపెట్టావు. అంతే, శ్రీకాకుళం కడ్డీ విజయనగరం కడ్డీకి నాలుగింతలైంది! ఒక్క తప్పుడు అంకె వేయకుండా, అడుగున ఉన్న 58ని కోసి పారేసి, ఇంత వైభవం సాధించావు. ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02. రెండు జిల్లాలూ దానికి వెనకే. ఆ మూడో కడ్డీ గీయకుండా ఎవరి మనసూ నొప్పించని మర్యాద నీది.

మనుషుల్ని మాయం చేయడంలోనూ నీకు సాటి లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళంలోని పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలోకి, రాజాం వైపువి విజయనగరంలోకి వెళ్ళాయి. 2011 లెక్కల ప్రకారమే 27 లక్షలున్న జిల్లా 22 లక్షలకు తగ్గింది. నువ్వు పాత అంకెనూ కొత్త అంకెనూ ఒకే గీతతో కలిపేశావు. ఐదు లక్షల మంది గడప దాటకుండానే వలసపోయారు! అసలే వలసల జిల్లా, ఎవరూ నిలదీయరు. గీతను అక్కడ తెంపి, పక్కన ‘హద్దులు మారాయి’ అని రెండు ముక్కలు రాస్తే నీ సొగసు చెడుతుందని కాబోలు, ఆ పని పెట్టుకోలేదు.

ఇక నీ సమదృష్టి! శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను పట్టి పీడిస్తోంది. నువ్వు జిల్లా మొత్తానికి ఒకే ఎరుపు పూశావు. కవిటికీ, ఆ వరుసలో లేని ఆమదాలవలసకూ తేడా లేదు. 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఏ ఇంట ఎందరు పోయారో పటంమీద ఇంటింటి దగ్గరా చిన్న గీతలతో గుర్తుపెట్టాడు. ఆ గీతలు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ మూగాయి. నీళ్ళమీద తన అనుమానానికి అలా సాక్ష్యం చూపాడు. పాపం, ఆయనకు నీలా ఊరూవాడా ఒకే కుంచెతో పూసే విద్య తెలియదు.

నీ రంగుల సంగతీ చెప్పాలి. మంచికి ఆకుపచ్చ, చెడుకు ఎరుపు. సచివాలయంలో జెరాక్స్ తీయగానే రెండూ ఒకే బూడిద రంగు. ఆ రెండు రంగుల తేడా తెలియని కళ్ళకైతే జెరాక్స్ దాకా పోనక్కరలేదు. మంచిచెడ్డల భేదం ఇంత సులువుగా చెరిపేసిన వేదాంతి ఇంకెవడున్నాడు?

దొరా, ఇంత పొగిడినందుకు ఒక్క వరమియ్యి. కడ్డీని సున్నా నుంచి లేవనియ్యి. హద్దు మారిన ఏడు గీతను తెగనియ్యి. జబ్బున్న మండలానికి దాని రంగు దానికియ్యి. డయాలసిస్ మంచం ఎక్కడ వెయ్యాలో, మంచి నీటి గొట్టం ముందు ఏ ఊరికి పోవాలో నిన్ను చూసే తేలుస్తారు. నువ్వు దాచిన ఊరికి ఆ రెండూ ఆలస్యంగా వస్తాయి.